కుడి జఠరిక చెప్పిన సంగతి

చీలమండ ఎముక విరిగి, పిండికట్టుతో విద్యానగర్‌లోని మా ఇంట్లో వారాల తరబడి మంచం మీదే ఉన్నాక, పక్కగదిలోకి వెళ్లి వచ్చేసరికే ఆయాసం రావడం మొదలైంది. బలహీనత అనుకున్నాం. ఒక తెల్లవారుజామున కళ్లు తిరిగి కూలబడడంతో మా తమ్ముడు నన్ను ఆసుపత్రి అత్యవసర విభాగానికి చేర్చాడు. ఆక్సిజన్ 90 శాతం లోపే ఉంది, నాడి నిమిషానికి 118 సార్లు కొట్టుకుంటోంది, కానీ రక్తపోటు మాత్రం 116/74. బీపీ బాగానే ఉందని ఇంటివాళ్లంతా ఊపిరి పీల్చుకున్నారు.

రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల ధమనుల్లోనూ రక్తపు గడ్డలు కనిపించాయి. కాలి లోపలి సిరల్లో పుట్టిన గడ్డలు పెద్ద సిర ద్వారా గుండె కుడి భాగంలోకి వచ్చి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోయి ఇరుక్కున్నాయని చెప్పారు. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఇంజెక్షన్ అప్పటికే మొదలుపెట్టారు. ఆ తర్వాత గుండె వైద్యురాలు, శబ్ద తరంగాలతో గుండె కదలికలను చూపే టూడీ ఎకో యంత్రాన్ని నా మంచం దగ్గరికే తెప్పించారు. గడ్డలు ఉన్నట్లు తేలిపోయాక మళ్లీ ఈ పరీక్ష ఎందుకని అడిగాను. "గడ్డ ఎక్కడుందో సీటీ చెప్పిందమ్మా, దాన్ని మీ గుండె ఎంతవరకు తట్టుకుంటోందో ఇందులో చూడాలి" అన్నారావిడ.

గుండె కింది గదుల్లో కుడివైపుది కుడి జఠరిక, దాని గోడ పలుచన. ఊపిరితిత్తుల వైపు తక్కువ ఒత్తిడితో రక్తాన్ని పంపడమే దానికి అలవాటు. దారి హఠాత్తుగా మూసుకుపోతే, తూము పూడిన చెరువులా అది వెనక నుంచి ఉబ్బుతుంది. నా ఎకోలో కుడి జఠరిక ఎడమదానికంటే పెద్దదిగా కనిపించింది. రెండింటి నడుమ ఉన్న గోడ ఎడమవైపుకు నెట్టుకుపోవడంతో, గుండ్రంగా ఉండవలసిన ఎడమ జఠరిక ఇంగ్లీషు డి అక్షరంలా అణగిపోయింది. కుడి జఠరిక పక్కగోడ సరిగా కదలడం లేదు, కొన మాత్రం బలంగా ముడుచుకుంటోంది. ఈ తీరును 1996లో మెకానెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వర్ణించారట. గుండె కుడివైపు రెండు గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటపు అంచు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ కనీసం 17 మిల్లీమీటర్లు కదలాలి, నాది 13 మాత్రమే కదిలింది. గుండె గదుల్లో తేలుతున్న గడ్డ ఏదైనా ఉందేమోనని ఆవిడ చాలాసేపు వెతికారు. లేదని తేలింది. జఠరిక గోడ మందమెక్కలేదు కాబట్టి ఇది పాత జబ్బు కాదని, కొత్తగా మీద పడ్డ భారమేనని కూడా వివరించారు.

ఎకోలో ఈ ఒత్తిడి కనిపించడం, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరగడం, ఈ రెండూ కలిసి, ఐరోపా హృద్రోగ వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నన్ను మధ్యస్థ-అధిక ప్రమాద వర్గంలో చేర్చాయి. పై రక్తపోటు 90 కంటే తక్కువకు పడిపోయి అలాగే ఉంటే అది అధిక ప్రమాదం, అప్పుడు గడ్డను కరిగించే మందు వెంటనే ఇవ్వవలసి వస్తుంది. "ఆ మందేదో ఇప్పుడే ఇచ్చేయొచ్చు కదా డాక్టర్ గారూ" అని మా తమ్ముడు ఆత్రంగా అడిగాడు. నాలాంటి వెయ్యిమంది రోగులపై జరిగి 2014లో ప్రచురితమైన పెయితో (PEITHO) అనే అధ్యయనంలో, ఆ మందు వల్ల రక్తప్రసరణ కుప్పకూలడం తగ్గినా, మెదడులో రక్తస్రావంతో సహా తీవ్రమైన రక్తస్రావాలు పెరిగాయని ఆవిడ ఓపికగా చెప్పారు. అందుకే ఐసీయూలో ఉంచి కనిపెట్టుకుని ఉన్నారు, కరిగించే మందును అవసరమైతే వాడడానికి సిద్ధంగా ఉంచుకున్నారు. బీపీ ఒక్కటే చూసి నన్ను మామూలు వార్డుకు పంపి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎకో మామూలుగా ఉన్నంత మాత్రాన ఊపిరితిత్తుల్లో గడ్డ లేదని అనుకోకూడదు. చిన్న గడ్డలు కుడి గుండెను కదిలించకపోవచ్చు. అనుమానం బలంగా ఉంటే సీటీ చేయించవలసిందే.

నాడి నెమ్మదించింది, ఆక్సిజన్ అవసరం తగ్గింది, ఇంటికి పంపేముందు మళ్లీ ఎకో తీశారు. కుడి జఠరిక ఉబ్బు కొంత తగ్గింది. రక్తం గడ్డకట్టకుండా ఆపే రివరాక్సబాన్ మాత్ర మొదటి 21 రోజులు 15 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఆపైన 20 మిల్లీగ్రాములు రోజుకొకసారి, భోజనంతో వేసుకోమన్నారు. గోంగూర, పాలకూర మానేయమని బంధువులు పట్టుబట్టారు గానీ, ఆకుకూరల జాగ్రత్త అలాంటిదే మరో మందైన వార్ఫరిన్ వాడేవారికేనని, నేను నొప్పి మాత్రలు మాత్రం అడగకుండా వేసుకోకూడదని వైద్యులు స్పష్టం చేశారు.

కట్టు విప్పాక ఉస్మానియా విశ్వవిద్యాలయం రోడ్ల మీద నడక మొదలుపెట్టాను. ఆర్ట్స్ కాలేజీ దాకా ఆగకుండా నడవగలిగిన రోజున పట్టరాని సంతోషం కలిగింది. మూడు నెలలకు తీసిన ఎకోలో రెండు జఠరికలూ తమ తమ పరిమాణాల్లో ఉన్నాయి, కవాటపు కదలిక 20 మిల్లీమీటర్లకు పెరిగింది. అప్పటికీ ఆయాసం తగ్గకపోతే, కరగని గడ్డలవల్ల ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడి నిలిచిపోయిందేమో చూడడానికి మరో స్కాన్ చేసేవారు. కాలు విరగడమనే స్పష్టమైన, తాత్కాలికమైన కారణం ఉంది గనుక మాత్రలు ఆపమన్నారు. ఇకముందు శస్త్రచికిత్స జరిగినా, ఎక్కువకాలం కదలకుండా ఉండవలసి వచ్చినా ఈ సంగతి వైద్యులకు ముందే తెలియజేయాలని నా చీటీ మీద ఎర్రసిరాతో రాసి ఇచ్చారు.