మినికాయ్‌లో ఒక పగలు: పర్మిట్ నుంచి లైట్‌హౌస్ దాకా

లక్షద్వీప్ వెళ్లొచ్చానంటే చాలు, అందరూ అడిగేది ఒక్కటే: "స్కూబా చేశావా?" చేయలేదు. నేను వెళ్లింది ప్రధానంగా మినికాయ్ కోసం. లక్షద్వీప్‌లో అన్నిటికంటే దక్షిణాన, మిగతా దీవులకు దూరంగా, మాల్దీవులకు దగ్గరగా విడిగా ఉన్న దీవి అది. అక్కడివాళ్లు దాన్ని మలికు అంటారు. మిగిలిన దీవుల్లో మలయాళం నడుస్తుంది. మినికాయ్‌లో మాత్రం మహల్ మాట్లాడతారు. అది మాల్దీవుల దివేహి భాషకు సొంత చెల్లెలు. లిపి పేరు తానా, కుడి నుంచి ఎడమకు రాస్తారు. మన దేశంలోనే ఉండి ఇంత వేరుగా ఉన్న ఊరు ఎలా ఉంటుందో చూడాలనే నా ఆశంతా.

మొదటి మెట్టు పర్మిట్. టికెట్ కొనుక్కుని ఓడెక్కేస్తే కుదరదు. 1967 నాటి ప్రవేశ నిబంధనల ప్రకారం బయటివాళ్లు ఎవరైనా ముందు అనుమతి తీసుకోవాలి. ఇదేం చాదస్తం అని మొదట విసుక్కునేవాళ్లే ఎక్కువ. అక్కడికి వెళ్లి చూశాక నాకైతే సబబే అనిపించింది. జనాభాలో అత్యధికులు షెడ్యూల్డ్ తెగలవాళ్లు, మనుషులుండే దీవులు పది, మొత్తం నేల కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. గేట్లు తెరిచేస్తే ఏమవుతుందో మన హిల్ స్టేషన్లను చూస్తే తెలుస్తుంది.

పర్మిట్‌కి దారులు రెండు. దీవిలో తెలిసినవాళ్లుంటే వాళ్ల తరఫున వెళ్లొచ్చు. లేదా ప్రభుత్వ టూరిజం సంస్థ ప్యాకేజీ తీసుకుంటే పర్మిట్ పని కూడా అందులోనే అయిపోతుంది. నాకు అక్కడ చుట్టాలెవరూ లేరు కాబట్టి రెండో దారే పట్టాను. 'సముద్రం' అనే ఓడ ప్యాకేజీ అది. రాత్రంతా ఓడ నడుస్తుంది, పగలు ఒక్కో దీవిలో దించుతారు: కవరత్తి, కల్పేని, మినికాయ్. పడకా భోజనం ఓడలోనే. గుర్తింపు కార్డు, ఫొటోలు ఇచ్చాను. పోలీసుల దగ్గర నుంచి నడవడిక పత్రం కూడా తెచ్చి పెట్టుకున్నాను, ఎక్కడ అడుగుతారోనని. ఆ కాగితం కోసం తిరిగిన తిరుగుడు గురించి చెప్పుకునేంత ఏమీ లేదు, అందరికీ తెలిసిందే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. సీజన్ అక్టోబర్ నుంచి మే మధ్య వరకు. వానాకాలంలో అరేబియా సముద్రంతో పెట్టుకోవద్దు.

కొచ్చిలో ఓడ ఎక్కేది విల్లింగ్‌డన్ ఐలాండ్ దగ్గర. ఓడరేవు కట్టేటప్పుడు రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు తవ్వి తీసిన మట్టితో లేపిన కృత్రిమ ద్వీపం అది. మనుషులు చేసిన దీవి మీద నుంచి పగడాలు చేసిన దీవికి ప్రయాణమన్న మాట. సామాన్లు స్కాన్ చేశారు. మద్యం తీసుకెళ్లడం కుదరదు, ఆ విషయంలో మొహమాటం ఉండదు.

మా ఓడ ఎం.వి. కవరత్తి. ఏడు వందల మంది పట్టే ఈ ఓడని కట్టింది మన విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో. ఆ సంగతి పక్క బెర్త్ ఆయనతో ఒకటికి రెండుసార్లు చెప్పాను, పాపం ఓపిగ్గా విన్నాడు. ఆయన కల్పేని మనిషి, కొచ్చి ఆసుపత్రిలో భార్యకు చూపించుకుని తిరిగి వెళ్తున్నాడు. టూరిస్టులకు ఇది విహారం. దీవివాళ్లకు మాత్రం ఆ ఓడే బస్సు, అదే అంబులెన్సు, అదే కిరాణా లారీ. డెక్ కింద బియ్యం బస్తాలు, టేబుల్ ఫ్యాన్ అట్టపెట్టెలు, చుట్టిన పరుపులు. మీ బడ్జెట్ ఎంతైనా కాసేపు చవక టికెట్ల బంక్ క్లాసులో కూర్చుని రండి. దీవుల గురించి గైడ్ చెప్పే దానికంటే అక్కడ ఎక్కువ తెలుస్తుంది.

గ్రూప్స్‌కి చదివినవాళ్లకి 'తొమ్మిది డిగ్రీల ఛానల్' బిట్టు గుర్తుండే ఉంటుంది. మినికాయ్‌ని మిగతా లక్షద్వీప్ నుంచి విడదీసే సముద్రపు పాయ అదే. దాని కింద ఎనిమిది డిగ్రీల ఛానల్, ఆ తర్వాత మాల్దీవులు. పుస్తకంలో ఒక మార్కు బిట్టు, ఓడలో మాత్రం కడుపు తెలుసుకునే విషయం. ఆ రాత్రి అలలు పెద్దవయ్యాయి. రాత్రి భోజనం తక్కువ తిని, వికారం మాత్ర ముందే వేసుకుని పడుకున్నవాళ్లు బతికిపోయారు. చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నవాళ్లు తెల్లారేదాకా రైలింగ్ దగ్గరే ఉన్నారు.

పొద్దున దీవి కనిపించాక కూడా ఓడ ఒడ్డుకు వెళ్లదు. చుట్టూ పగడపు దిబ్బ, లోపల లోతు లేని లగూన్, అంటే ఉప్పునీటి మడుగు. ఓడ బయటే ఆగుతుంది, చిన్న పడవ వచ్చి పక్కన ఆనుతుంది. ఓడ పక్కన తలుపు తెరిచారు. కింద పడవ ఒకసారి మన పాదాల దాకా లేస్తుంది, మరుక్షణం మనిషి లోతుకి దిగిపోతుంది. చెరో పక్కనా ఇద్దరు నావికులు మన భుజాల కింద పట్టుకుంటారు. పడవ పైకొచ్చిన క్షణంలో "హా" అంటారు, అడుగేయాలి. తటపటాయిస్తే ఆ అల పోయినట్టే, మళ్లీ ఆగాలి. చేతిలో ఫోనూ గొడుగూ లాంటివేవీ ఉండకూడదు. నా ముందు డెబ్భై ఏళ్ల దీవి ముసలమ్మ ఒకావిడ, గుమ్మం దాటినంత తేలిగ్గా దాటేసింది.

మినికాయ్ వంపు తిరిగిన నెలవంక ఆకారం. పొడవు సుమారు పది కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల నడిచి దాటేంతే. పదకొండు ఊళ్లున్నాయి, ఒక్కోదాన్ని 'అవా' అంటారు. ప్రతి అవాకీ ఎన్నుకున్న ఒక పెద్దాయన ఉంటాడు, ఆయన్ని బొడుకాకా అంటారు. ఆడవాళ్లకి వాళ్ల పెద్ద వేరు. ఊరికో ఉమ్మడి ఇల్లు. మా గైడ్ కుర్రాడు హిందీలో చెప్పాడు: "సార్, ఇక్కడ చెప్పులు విప్పాలి, లోపల గట్టిగా మాట్లాడొద్దు."

ఆ ఇల్లే నేను చూడాలనుకున్నది. ముంగిట తెల్లటి పగడపు ఇసుక, ఒక్క ఆకు లేకుండా ఊడ్చి ఉంది, చీపురు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. తీరిగ్గా కూర్చున్న పెద్దవాళ్లు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. కొబ్బరిబోండాలు ఇచ్చారు. ఊరిలో పని పడితే, అంటే పడవ ఒడ్డుకి లాగాలన్నా, పండగకి వండాలన్నా, కబురు ఈ ఇంటి నుంచే వెళ్తుందట. రాలేకపోతే కారణం చెప్పాల్సిందేనట. "పట్నంలో ఉన్నవాళ్లో?" అని అడిగాను. "వాళ్లు డబ్బు పంపుతారు" అని గైడ్ కుర్రాడు నవ్వాడు.

ఈ కట్టుబాటు వెనక సముద్రముంది. మినికాయ్ మగవాళ్లు తరతరాలుగా ప్రపంచమంతా తిరిగే సరుకు ఓడల్లో నావికులు. నెలల తరబడి ఇళ్లలో మగదిక్కు ఉండదు. కాబట్టి ఇల్లు, ఆస్తి, ఊరి వ్యవహారం ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చాయి. పెళ్లయ్యాక మగాడే అత్తవారింటికి చేరతాడు. ముస్లిం సమాజంలో మాతృవంశ పద్ధతి అనగానే మనకి వింతగా ఉంటుంది గానీ, లక్షద్వీప్ అంతా అదే ఆనవాయితీ. ఇక్కడ అది కాస్త ఎక్కువగా కంటికి కనిపిస్తుంది.

పడవల షెడ్డులో జహధోని చూపించారు. పందేలకి వాడే పొడవాటి తెడ్ల పడవలు అవి. ఒక్కో ఊరికి ఒక్కో పడవ, రంగులు, నగిషీలు వేరు వేరు. నడుం ఎత్తున ఆ చెక్కమీద వేలు పెట్టి చూస్తే అంచులో ఎక్కడా గరుకు తగల్లేదు. ఏ ఊరి పడవ మంచిదని అడిగితే మా కుర్రాడి మొహం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. అది అడగకూడని ప్రశ్న.

ఇక చేపలు. మినికాయ్ బతుకంతా ట్యూనా మీదే. వల వేయరు. ముందు లగూన్‌లో చిన్న చేపల్ని పట్టి, నీళ్లు పారుతుండే తొట్టెలో బతికించి పడవలో తీసుకెళ్తారు. సముద్రంలో ట్యూనా గుంపు కనపడగానే వాటిని విసిరి, నీళ్లు చిమ్ముతూ చిన్న చేపలు ఎగురుతున్నట్టు నమ్మిస్తారు. అప్పుడు వెదురు గెడలకి ములుకు (చేప జారిపోకుండా వెనక్కి తిరిగి ఉండే ముల్లు) లేని కొక్కేలు కట్టి ఒక్కొక్కటీ లాగుతారు. ములుకు లేకపోవడం వల్ల చేప పడవలో పడగానే తనంతట తనే ఊడిపోతుంది, చేతితో తీయక్కర్లేదు. పట్టినవాటిని ఉడికించి, పొగబెట్టి, ఎండబెడితే 'మాస్‌మిన్' అవుతుంది, చెక్కముక్కలా గట్టిగా. నేను కొంచెం కొన్నాను. తురిమి కొబ్బరితో కలిపితే అద్భుతం, కానీ సంచిలో గాలి చొరకుండా మూయకపోతే బట్టలన్నీ ఆ వాసనే. ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీ కూడా ఉంది, 1969 నుంచి.

లైట్‌హౌస్ 1885లో బ్రిటిష్‌వాళ్లు కట్టింది. ఈ దీవులు చాలాకాలం కన్నూర్ అరక్కల్ రాజవంశం ఏలుబడిలో ఉన్నా, ఈ దారిన పోయే ఓడలకి దీపం బ్రిటిష్‌వాళ్లకి కావాల్సి వచ్చింది. పైకి చుట్టు మెట్లు, చివర్లో నిటారు ఇనుప నిచ్చెన. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద ఆగడమే మంచిది. ఎక్కినవాళ్లకి మాత్రం దీవి మొత్తం ఒక్కచూపులో అందుతుంది: ఒక పక్క కొబ్బరి తోటల అంచున లేతాకుపచ్చ లగూన్, మరో పక్క నల్లటి నీలం సముద్రం. దూరంగా విరింగిలి అనే చిన్న దీవి, ఒకప్పుడు కుష్ఠు రోగుల్ని అక్కడ ఉంచేవారు. ఆ రెండు నీళ్ల మధ్య మనుషులుండే నేల ఎంత సన్నగా ఉందో చూసి కొంచెం గుండె ఝల్లుమంది.

మరి తాగే నీళ్లో? ఇసుక కింద వాననీటి పలచని పొర ఉంటుంది, ఎక్కువ తోడితే ఉప్పవుతుంది. 2011లో ఇక్కడ పెట్టిన ప్లాంటు రోజుకి లక్ష లీటర్లు మంచినీళ్లు చేస్తుంది. పైన వెచ్చగా ఉండే సముద్రపు నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, లోతు నుంచి పైపులో లాగిన చల్లటి నీటితో ఆ ఆవిరిని చల్లబరుస్తారు. ప్యాకేజీలో ఇది ఉండదు. టూరిస్టులకి నీటి ఆటలే చూపిస్తారు గానీ, దీవి నిలబడేది ఇలాంటివాటి మీదే. నాకైతే తుండి బీచ్ కంటే దీని గురించి వినడమే ఎక్కువ నచ్చింది. బీచ్ అందంగా లేదని కాదు.

సాయంత్రం డ్యాన్సు చూపించారు. లావా అంటే రంగుల తలపాగాలు, డప్పులు, మగవాళ్ల ఆట. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని చేసే బండియా కూడా ఉందన్నారు, మాకు ఆ రోజు కుదరలేదు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. దీవిలో ఉండే గంటలు తక్కువ, కాబట్టి పొద్దుటే గైడ్‌కి "ఊరి ఇల్లు, పడవల షెడ్డు, లైట్‌హౌస్" అని వరుస చెప్పేయండి, లేకపోతే సగం పొద్దు గ్లాస్ బాటమ్ బోట్‌లోనే పోతుంది. పగడాలు, గవ్వలు ఒడ్డున రాలి ఉన్నవైనా తీసుకోకండి, పగడం తేవడం నేరం. ఇళ్లవాళ్ల ఫొటోలు అడిగి తీయండి. చేతిలో నగదు ఉంచుకోండి. తీరిగ్గా ఉండి చూడాలంటే తుండి దగ్గర కాటేజీలున్నాయి. వాటికి ప్యాకేజీ వేరు, ముందుగానే అడిగి పెట్టుకోవాలి. వచ్చే సీజన్‌కి నేను ఆ దరఖాస్తు పెట్టబోతున్నాను.