నక్షత్రం రాలిన చోట

సియోల్ మెట్రో రెండో లైన్‌లో రోజూ నక్సాంగ్‌దే స్టేషన్ దాటిపోతుంటాను. ఇవాళ తీరిక దొరికి దిగాను. 948లో ఇక్కడ నక్షత్రం రాలిన రాత్రే కొరియా సేనాని కాంగ్ గామ్‌చాన్ పుట్టాడట! పార్కులో గుర్రం మీద విగ్రహం చూసి పుట్టు సైనికుడేమో అనుకున్నా. కాదు, రాజకొలువు పరీక్షలో ఫస్టొచ్చిన గుమాస్తా బాపతు పెద్దమనిషి.

1018 చివర్లో ఉత్తరాది ఖితాన్ జాతివాళ్లు లక్షమందితో గొర్యో (అప్పటి కొరియా రాజ్యం) మీదికి వచ్చారు. ఈయన ఎద్దు తోళ్లు తాళ్లతో కట్టి వాగుకు అడ్డువేయించి, శత్రువు దాటుతుండగా నీళ్లు వదిలేశాడట. ఆపైన 1019లో క్విజు దగ్గర తిరిగిపోతున్నవాళ్లను పట్టుకున్నాడు. ప్రాణాలతో ఇల్లు చేరింది కొన్ని వేలమందే. రాజు హ్యోన్‌జోంగ్ స్వయంగా ఎదురెళ్లి ఈయన తలలో ఎనిమిది బంగారు పూలు పెట్టాడు.

అప్పటికి కాంగ్‌కు డెబ్బై దాటాయి. నేనేమో స్టేషన్ నుంచి పార్కుదాకా నడిచి, అరగంట బెంచీ మీద కూలబడ్డాను.