గుళ్లో రాజకీయాలొద్దట

మొన్న మా గుడి కమిటీ మీటింగ్‌లో తుపాకుల సంగతి ఎత్తాను. నోరు తెరిచానో లేదో ఒక పెద్దాయన "అమ్మా, అలాంటివి మాట్లాడితే మన ట్యాక్స్ మినహాయింపు పోతుంది" అన్నారు. అందరూ తలలూపి పార్కింగ్ గొడవలోకి వెళ్లిపోయారు, దానికి మాత్రం గంట పట్టింది.

అమెరికాలో మనవాళ్లు చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ 501(సి)(3), అంటే ఆ ట్యాక్స్ మినహాయింపు ఇచ్చే సెక్షన్, కింద ఉన్న గుడి, చర్చి, మసీదు ఏదైనా సరే, 1954 నాటి చట్టం వద్దంటున్నది ఫలానా అభ్యర్థికి ఓటేయమనో వేయొద్దనో చెప్పడాన్ని. ఒక బిల్లు కావాలని అడగొచ్చు, అదే ప్రధాన పనిగా పెట్టుకోనంతవరకు.

2012 ఆగస్టు 5న విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో కాల్పులు జరిగినప్పుడు లంగర్ (అందరికీ పెట్టే ఉచిత భోజనం) వండుతున్న ఆడవాళ్లు సామాన్ల గదిలో దాక్కున్నారు. ఆరోజు ఆరుగురు పోయారు, గాయపడ్డ ఇంకొకాయన 2020 దాకా మంచం మీదే ఉండి చనిపోయారు. తూటా దిగిన ద్వారబంధాన్ని వాళ్లు మార్చలేదు, ఆ చిల్లు అలాగే ఉంది, కింద చిన్న ఫలకం. మన గుడి గుమ్మానికీ దానికీ ఏం తేడా?

2015లో చార్ల్‌స్టన్ చర్చిలో బైబిల్ చదువుకుంటున్న 9 మందిని చంపినవాడికి అసలు తుపాకీ అమ్మకూడదు. కానీ కొనేవాడి నేరచరిత్ర చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ మూడు పనిదినాల్లో తేలకపోతే షాపువాడు అమ్మేసుకోవచ్చు, ఫెడరల్ చట్టం అంతే, అలాగే అమ్మేశారు. నేను కమిటీని అడిగింది ఈ సందు మూయమని అందరం కలిసి ఒక ఉత్తరం రాద్దామనే, ఇందులో పార్టీ ఎక్కడుంది?

అన్నట్టు, దొంగల భయంతో తుపాకీ కొన్న ఇళ్లు మనలోనూ ఉన్నాయి, కనీసం తాళం వేసి పెట్టండి. 2021లో అమెరికాలో తుపాకులతో పోయిన 48,830 మందిలో సగానికి పైగా ఆత్మహత్యలే.

సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చేయడానికి నేనూ మొదట్లో జంకాను. ఎవరో కుర్రాడు ఎత్తి పేరు, జిప్ కోడ్ అడిగి, ఏ బిల్లు, కావాలా వద్దా అని రాసుకున్నాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది, వీసా గురించి ఎవరూ అడగలేదు. ఓటు లేనివాళ్లూ చేయొచ్చు.

వచ్చే మీటింగ్‌లో ఈ విషయం పార్కింగ్ కంటే ముందు పెట్టమని సెక్రటరీగారికి మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.