ఫ్లోరింగ్ కోసం తాండూరు దాకా వెళ్లొచ్చాం

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్ ఇంకో రెండేళ్లకి అమ్మేసే ఆలోచనలో ఉన్నాం. ఫ్లోరింగేమో అప్పట్లో బిల్డర్ వేసిన సిరామిక్ టైల్సే, హాల్లో పగుళ్లు, బెడ్‌రూమ్‌లో నడిస్తే కింద బోలుగా సౌండ్. మా బావ ఇండిపెండెంట్ ఇల్లు కట్టుకుంటున్నాడు, మెట్లకీ పార్కింగ్‌కీ తాండూరు బండలు కావాలి, పైగా ఆయన పనే పాత ఫ్లాట్లు అమ్మిపెట్టడం. "తాండూరు పోయొద్దాం పదరా, దార్లో నీ ఫ్లాట్ సంగతి కూడా మాట్లాడుకోవచ్చు" అన్నాడు. ఫ్రీగా సలహా, టిఫిన్ కూడా ఆయన ఖర్చే, ఎందుకు కాదంటాను.

అవుటర్ ఎక్కి అప్పా జంక్షన్ దగ్గర దిగి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వెళ్లాం. ఆ బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల గురించి వినే ఉంటారు, రోడ్డు వెడల్పు చేస్తే పోతాయని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దాకా వెళ్లిన గొడవ. పొద్దున్నే ఆ నీడలో డ్రైవ్ చేస్తుంటే ఫ్లోరింగూ వద్దు ఏమీ వద్దు అనిపించింది. మన్నెగూడలో కుడివైపు తిరిగి వికారాబాద్, అక్కడ్నుంచి అనంతగిరి ఘాట్. మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే, ఈసారి ఆగలేదు.

కార్లో బావ క్లాస్ మాత్రం ఆగలేదు. ఆయన చెప్పేదేంటంటే, రీసేల్‌లో కొనేవాడు ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు, ఫ్లోరు, పార్కింగ్, మెట్రో ఎంత దూరం, ఇవి చూసి రేటు అనుకుని వస్తాడు, బ్యాంకు పంపే వాల్యుయేషన్ ఇంజినీరు కూడా బిల్డింగ్ వయసు, ఏరియా చూస్తాడు గానీ నువ్వు ఇటాలియన్ మార్బుల్ వేశావని లోన్ పెంచి ఇవ్వడు. మరి ఫ్లోరింగ్ ఎక్కడ పని చేస్తుందీ అంటే, బేరంలో. టైల్ పగిలి కనబడిందనుకో, కొనేవాడు మనసులో తవ్వకం కూలి, మట్టి ఎత్తడం, కొత్త టైల్, పని అయ్యేదాకా కట్టాల్సిన అద్దె, అన్నీ కలిపేసి, దానికి డబుల్ తగ్గించి అడుగుతాడు. అంటే మంచి ఫ్లోరింగ్ రేటు పెంచదు, పడిపోకుండా ఆపుతుంది. అంతే. "అందుకే పక్క ఫ్లాట్ల కంటే ఒక్క మెట్టు పైన ఉండు చాలు, మూడు మెట్లు ఎక్కితే ఆ ఖర్చు నీదే" అన్నాడు. ఆయన వాళ్ల కాలనీలో ఒకాయన పాత ఇంటికి లక్షలు పోసి మార్బుల్ పరిపించాడంట, కొన్నాయన స్థలం కోసం కొని జేసీబీ పెట్టి మొత్తం లేపేశాడు, మార్బుల్‌తో సహా. ఇండిపెండెంట్ ఇల్లు పాతబడితే రేటంతా గజాలకే.

తాండూరు దగ్గరపడుతున్నామని బోర్డులు చూడక్కర్లేదు, రోడ్డు పక్కన తెల్లటి దుమ్ము, పాలిష్ యూనిట్ల బురద గుట్టలు, బండలు నిలువుగా పాతిన ప్రహరీలు. మధ్యమధ్యలో కంది చేలు. తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, కిందేమో బండ పైనేమో పప్పు. కర్ణాటక బార్డర్ కాబట్టి హోటల్లో పక్క టేబుల్ వాళ్లు తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడేస్తున్నారు. ఉగ్గాని దొరికింది, వేడివేడిగా ఉంది.

ఓగిపూర్ వైపు క్వారీ చూశాం. నేను గ్రానైట్ కొండల్లాంటిది ఊహించుకుని వెళ్లా, కానీ ఇక్కడ కొండేమీ లేదు, చేను తవ్వినట్టు నేలలోకి దిగుతారు. పైమట్టి తీసేస్తే సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది, మెషిన్‌తో అడ్డంగా నిలువుగా గాట్లు పెట్టి, గడ్డపార పొర మధ్యలో దూర్చి లేపితే బండ చదునుగా ఊడి వచ్చేస్తుంది, అట్టపెట్టెలోంచి అప్పడం తీసినట్టు. ఒక పొర నీలం, ఇంకోటి పసుపు. కరన్‌కోట్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ ఉన్నది కూడా ఈ రాయి వల్లే. ఎండలో అక్కడ పని చేసేవాళ్లని చూశాక ఎస్ఎఫ్‌టీకి రూపాయి తగ్గించమని అడగటానికి నాకైతే నోరు రాలేదు, బావకి వచ్చింది.

పాలిషింగ్ యూనిట్ ఆయన మొదట అడిగిన మాట "ఇంట్ల ఏస్తరా, బైట ఏస్తరా?" బావ మెట్లకి అనగానే రఫ్ ముక్క చూపించాడు, వానకి జారదు. నేను ఫ్లాట్ లోపలికి ఎలా ఉంటుందని అడిగితే సూటిగా చెప్పాడు, అమ్ముకునే మనిషి కదా, అంత సూటిగా చెప్తాడనుకోలేదు. అంగుళం మందం ఉన్న రెండడుగుల బండ పాతిక కిలోల దాకా తూగుతుంది, కింద సిమెంట్ బెడ్ వేరే, అదే సైజు విట్రిఫైడ్ టైల్ (బాగా కాల్చి గట్టిపరిచిన, నీళ్లు పీల్చని రకం) అందులో మూడో వంతు కూడా ఉండదు. అయిదో అంతస్తు స్లాబ్ మీద అంత బరువు ఎందుకు సార్ అన్నాడు. రెండోది, ఇది సున్నపురాయి, పులుపు పడితే పాలిష్ తినేస్తుంది. మన వంటింట్లో చింతపండు, నిమ్మకాయ లేకుండా రోజు గడుస్తుందా? బాత్రూమ్ యాసిడ్‌తో తుడిస్తే ఇక చెప్పక్కర్లేదు. మార్బుల్‌కీ ఇదే జబ్బు. మళ్లీ పాలిష్ పట్టుకోవచ్చు, అది రాయికున్న ప్లస్సే, కానీ ఇల్లు చూడ్డానికి వచ్చినవాడికి మచ్చ కనబడుతుంది గానీ ప్లస్ కనబడదు.

బండ ఎంచుకోవడం కూడా నేర్పించాడు. నాణెంతో కొడితే ఖంగుమనాలి, మొద్దు సౌండ్ వస్తే లోపల చీలిక ఉన్నట్టు. నీళ్లు చల్లి ఆరనిస్తే సన్నటి పగులు దగ్గర తడి గీతలా మిగులుతుంది, ఆ బండ పక్కన పెట్టేయాలి. అంచులు మెషిన్ కటింగ్ అయితే జాయింట్ సన్నగా వస్తుంది. బావ అరగంట కూర్చుని ఒక్కో బండా కొట్టి చూశాడు, నాకు విసుగొచ్చి బయటికెళ్లి టీ తాగొచ్చా.

తిరుగు దారిలో నా ఫ్లాట్ లెక్క తేలింది. హాలు, డైనింగ్, కిచెన్, రెండు బెడ్‌రూములు అన్నిట్లో ఒకటే ఐవరీ కలర్ విట్రిఫైడ్, రెండు బై నాలుగు అడుగుల సైజు, మధ్యలో డిజైన్లు, బార్డర్లు ఏమీ వద్దు, నీ టేస్ట్ కొనేవాడికి నచ్చాలని రూలేం లేదు అన్నాడు. బాత్రూముల్లో, బాల్కనీలో మాత్రం జారని మ్యాట్ ఫినిష్ టైల్స్. బెడ్‌రూమ్‌లో చెక్కలా కనబడే లామినేట్ ఫ్లోరింగ్ వేద్దామని మా ఆవిడ కోరిక, మాప్ తడికి లామినేట్ అంచులు ఉబ్బుతాయని బావ ఒప్పుకోలేదు, ఆ పంచాయితీ ఇంట్లో ఇంకా నడుస్తోంది.

పాత టైల్ మీదే కొత్తది అతికించేస్తే చౌక కదా అన్నా. చౌకే, కానీ నేల దాదాపు అరంగుళం లేస్తుంది, తలుపులన్నీ కింద కోయాలి. అంతకంటే పెద్ద చిక్కు వాస్తు. డబ్బులు చాలక ఒక్క రూములోనే అతికించి, ఆ రూము ఈశాన్యం అయిందనుకో, ఈశాన్యం ఎత్తయిందని కొనేవాళ్ల సిద్ధాంతి పట్టుకుంటాడు. నమ్మినా నమ్మకపోయినా బేరం పోతుంది, బావ చేతుల్లోనే అలా పోయిన బేరాలున్నాయంట. సో పాతది తవ్వి తీసేయడమే.

వేసేటప్పుడు ఇంకో రెండు జాగ్రత్తలు. విట్రిఫైడ్ టైల్ నీళ్లు అర శాతం కూడా పీల్చదు, అందుకే ఉత్త సిమెంట్ పాలు దానికి సరిగా పట్టదు, అడ్హెసివ్ (టైల్ అతికించే జిగురు) వాడాలి, అది కూడా నాలుగు మూలలా ముద్దలు పెట్టడం కాదు, మొత్తం పరచాలి. రెండోది స్పేసర్లు, అంటే టైల్‌కీ టైల్‌కీ మధ్య గ్యాప్ కోసం పెట్టే చిన్న ముక్కలు. గ్యాప్ లేకుండా ఆనించి వేస్తే అందంగా ఉంటుందని మేస్త్రీలు అంటారు, ఎండాకాలం వ్యాకోచానికి చోటు లేక టైల్స్ గుడారంలా పైకి లేచిన ఫ్లాట్ మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంది.

బావ బండల లారీ వచ్చే వారం వస్తుంది. నేను టైల్స్ ఆర్డర్ పెట్టేశా, అన్నీ ఒకే బ్యాచ్ నంబర్ ఉండేలా చూసి, రెండు బాక్సులు ఎక్స్‌ట్రా తీసుకున్నా. రేపు ఒకటి పగిలితే అదే షేడ్ మళ్లీ దొరకదు, కొనేవాళ్లకి తాళాలతో పాటు మిగిలిన బాక్స్ కూడా ఇచ్చేయమని బావ ఆర్డర్.