పెనాంగ్ వెళ్తున్నారా? ముందు అస్సాం లక్సా

మలేషియాలోని పెనాంగ్ రాజధాని జార్జ్‌టౌన్‌లో ఒక్కపూటే ఉంటే అస్సాం లక్సా తినండి. కొబ్బరిపాల లక్సా వేరు, ఇది పుల్లటి చేపల పులుసు. కానాగంతలు ఉడికించి, ముళ్లు తీసి, పులుపుకి చింతపండు, ఎండబెట్టిన గెలుగూర్ అనే పుల్లటి కాయ ముక్కలు వేస్తారు. లావుపాటి బియ్యపు నూడుల్స్ మీద ఆ పులుసు పోసి, పైన దోసకాయ, పైనాపిల్, పుదీనా, బుంగా కంతాన్ అనే అల్లం జాతి పువ్వు తరుగు. పక్కన చెంచాలో నల్లగా పాకంలా ఇచ్చేది హేకో, అంటే రొయ్యల ముద్ద. చాలామంది దాన్ని వదిలేస్తారు. కలపకపోతే రుచి సగమే! అలాగని మొత్తం ఒకేసారి వేస్తే ఉప్పు, తీపి ఎక్కువైపోతాయి, కొద్దికొద్దిగా కలుపుకోండి.

చార్ క్వే తియో (వెడల్పాటి బియ్యపు నూడుల్స్ వేపుడు) మాత్రం ఒక్కో ప్లేటు విడిగా వేయించే బండి దగ్గరే. నాలుగైదు ప్లేట్లవి ఒకేసారి వేస్తే బాణలి వేడి తగ్గి, నీరూరి, నూడుల్స్ ముద్దవుతాయి. బాగా కాలిన బాణలి ఇచ్చే పొగ వాసన రాదు. పంది కొవ్వు వేయడం మామూలే, తిననివాళ్లు ముందే అడగాలి.

తమిళ ముస్లింల నాసి కందర్ (అన్నం, కూరల) హోటల్లో 'బంజిర్' అనండి, రెండు మూడు కూరల పులుసులు కలిపి అన్నం మీద పోస్తారు. పెద్ద రొయ్యలకి వేలు చూపించే ముందు ధర కనుక్కోండి.

శాకాహారులూ, తోటకూర వేపుడనుకుని కంగ్‌కుంగ్ (తూటికూర) చెప్పకండి. అందులో తరచూ బెలచాన్ పడుతుంది, అదీ రొయ్యలదే.