రాయిలో నేను కూడా పడ్డాను

వాషింగ్టన్ డీసీలో మెమోరియల్స్ ఫొటోలు తీద్దామని రెండు రోజులు తిరిగొచ్చాను, తోడుగా తమ్ముడిని లాక్కెళ్లాను. ఎనిమిది వందల దాకా తీసుంటాను. ఉంచుకున్నవి నలభై, అందులోనూ ముప్పై రెండో రోజువే. మొదటి రోజు చేసిన తెలివితక్కువ పని ఏంటంటే సరిగ్గా మిట్టమధ్యాహ్నం వెళ్లడం. అక్కడ ఎటు చూసినా తెల్లరాయే, నడినెత్తిన ఎండ, కెమెరా స్క్రీన్ మీద ఏమీ కనపడదు, రూముకొచ్చి చూసుకుంటే సగం ఫొటోల్లో స్తంభాలకి గీతలు కూడా లేకుండా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. అక్కడి మెమోరియల్స్ చాలావరకు 24 గంటలూ తెరిచే ఉంటాయి, టికెట్ కూడా లేదు. అంటే తెల్లవారుజామున వెళ్లినా ఆపేవాళ్లు లేరు. అది తెలిసి కూడా పన్నెండింటికి వెళ్లాను చూడండి.

వాషింగ్టన్ మాన్యుమెంట్ ఫొటో ఎడిట్ చేస్తుంటే కింద కొంతమేర ఒక రంగు, పైన ఇంకో రంగు వచ్చాయి. వైట్ బ్యాలెన్స్, అంటే రంగులు సరిచేసే సెట్టింగ్, పాడుచేశాననుకుని అరగంట దానితో కుస్తీ పట్టాను. తీరా చూస్తే రాయే అంత! 1848లో కట్టడం మొదలుపెట్టి 1854లో డబ్బుల్లేక ఆపేశారు, తర్వాత అంతర్యుద్ధం వచ్చింది, మళ్లీ 1879లో గానీ పని మొదలవలేదు. ఈలోగా రాయి తెచ్చే గనులు మారాయి. 555 అడుగుల స్తంభంలో దాదాపు 150 అడుగుల దగ్గర ఆ తేడా మామూలు కంటికే తెలిసిపోతుంది. నాకే తెలియలేదు.

లింకన్ మెమోరియల్ తూర్పు ముఖం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు: పొద్దున వెళ్తే ముందు స్తంభాల మీద ఎండ పడుతుంది, సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా వాషింగ్టన్ మాన్యుమెంట్ మెరుస్తుంది, నీళ్లు కదలకుండా ఉంటే మధ్యలో ఉన్న కొలనులో తలకిందులుగా ఇంకోటి. లోపల కూర్చున్న లింకన్ విగ్రహం 19 అడుగులు. 1922లో తెరిచినప్పుడు వెలుగు కింద నుంచి, నేల మీద పడి మొహం మీదకి తుళ్లేదట, దాంతో పాపం ఆయన ఏదో చూసి ఉలిక్కిపడ్డట్టు కనపడేవాడట. శిల్పి డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ పట్టుబట్టి పైన లైట్లు పెట్టించుకున్నాడు. టార్చ్ గడ్డం కింద పెట్టుకుని పిల్లలు దెయ్యం ఆట ఆడతారే, అదే గోల! ఉత్తరం గోడ మీద చెక్కిన ప్రసంగంలో ఒక అచ్చుతప్పు కూడా ఉంది. ‘ఫ్యూచర్’ (FUTURE) అనే మాటలో F బదులు E చెక్కేసి తర్వాత కింది గీత పూడ్చారు. వెతికితే దొరుకుతుంది, నాకు జూమ్ లెన్స్‌తో దొరికింది.

1963లో మార్టిన్ లూథర్ కింగ్ నిలబడి మాట్లాడిన చోటు ఆ మెట్ల దారిలోనే ఉంది, రాతి మీద అక్షరాలు చెక్కారు. లోతు తక్కువ, ఫొటోలో పడవు. తమ్ముడు బాటిల్లో నీళ్లు కాసిని పోశాడు, చక్కగా తేలాయి.

రెండో ప్రపంచయుద్ధం మెమోరియల్ దగ్గర ఎక్కువసేపు ఉండలేదు. పెద్దగా ఉంది, ఫౌంటెన్లు ఉన్నాయి, అంతే అనిపించింది నాకు. జెఫర్సన్ మెమోరియల్ దాకా నడిచే ఓపిక అయిపోయింది.

కొరియా యుద్ధం మెమోరియల్‌కి మాత్రం చీకటి పడ్డాకే వెళ్లండి. 19 మంది స్టీలు సైనికులు వర్షపు కోట్లు వేసుకుని పొదల్లోంచి నడుస్తుంటారు, పక్కన నున్నటి గోడలో వాళ్ల నీడలు కలిస్తే 38, రెండు కొరియాలని విడదీసిన అక్షాంశం అంకె. ఆ 38 మందినీ ఒక్క ఫ్రేములోకి తెద్దామని గంటసేపు అటూ ఇటూ తిరిగాను. పడలేదు. “ఇంకెంతసేపక్కా” అని వాడు నాలుగుసార్లు అడిగాడు.

ఇంక వియత్నాం గోడ, ఆ యుద్ధంలో పోయిన అమెరికా సైనికుల పేర్లు చెక్కిన మెమోరియల్. 1,421 డిజైన్లలోంచి, గీసిందెవరో తెలియకుండా ఎంచితే అది 21 ఏళ్ల స్టూడెంట్ మాయా లిన్‌ది అని తేలింది. విగ్రహం లేదు, జెండా లేదు, నేలలోకి దిగిన నల్లగోడ ఏంటని అప్పట్లో చాలామంది మండిపడ్డారు. 1982లో కట్టారు. ఆ నల్ల గ్రానైట్ బెంగళూరు నుంచి వెళ్లింది. 58 వేల పైచిలుకు పేర్లున్నాయి, అక్షరక్రమంలో కాదు, పోయిన తేదీల వరసలో. మధ్యలో మొదలై కుడివైపు చివరికి వెళ్లి, మళ్లీ ఎడమ చివర నుంచి మధ్యకి వస్తాయి, అందుకని మొదట పోయినవాళ్లూ ఆఖర్న పోయినవాళ్లూ పక్కపక్కనే ఉంటారు.

అద్దంలా పాలిష్ చేసిన రాయి అది. ఎండ మన వీపు మీద పడుతుంటుంది, గోడలో మనమే వెలుగుతాం. నేను లేకుండా పేర్లు తీద్దామని పక్కకి జరిగాను, వంగాను, కూర్చున్నాను, ఎలా తీసినా ఎవరిదో ఒకరి పేరు మీద నా కెమెరా, నా మోచెయ్యి. చివరికి చిరాకొచ్చి వదిలేశాను.

అప్పుడే ఒక పెద్దావిడ వచ్చి, చేతిలో కాగితం, పెన్సిల్ పట్టుకుని, పైన ఉన్న పేరు అందట్లేదని తమ్ముడిని సాయం అడిగింది. గోడ మధ్యలో పది అడుగుల ఎత్తుంటుంది, వీడేమో పొడుగు. కాగితం పేరు మీద పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దుతుంటే అక్షరాలు ఒక్కోటి తెల్లగా పైకొచ్చాయి. నేను కెమెరా మెడలోనే ఉంచుకుని చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కాగితం మడవకుండా చుట్టుకుని వెళ్లిపోయింది. వాడి వేళ్లకి నల్లగా పెన్సిల్ పొడి అంటుకుంది, ప్యాంటుకి తుడుచుకోబోతుంటే ఆగరా అని ఆ వేళ్లని ఒక ఫొటో తీశాను. ఫోకస్ కాస్త తప్పింది. ఆ నలభైలో అదీ ఉంది.