మేస్త్రి కూతురు

మా చిన్నతనంలో పర్లాకిమిడిలో ఇల్లు కట్టాలంటే తాపీ మేస్త్రిని పిలిచేవారు. మునిసిపాలిటీకి కాగితం కావాలంటే ప్లాను గీసే ఆయన దగ్గరకు వెళ్ళేవారు. ఆర్కిటెక్టు అనే మనిషితో ఎవరికీ పని పడేది కాదు. మా నాన్న మేస్త్రి.

మా బడిలో లెక్కల మాస్టారు ఒకసారి తరగతి గదిని టేపుతో కొలిపించి, అంగుళానికి నాలుగడుగుల చొప్పున గీయించారు. గోడ మందం కూడా చూపమన్నారు. మిగతావాళ్ళు విసుక్కున్నారు కానీ, నాకు ఆ పని వదలబుద్ధి కాలేదు. ప్లస్ టూలో లెక్కలు తీసుకుని, ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష 'నాటా' రాసి, విశాఖపట్నంలో అయిదేళ్ళ ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌లో చేరాను.

అక్కడ పాత కట్టడాన్ని కొలిచి గీయడం ఒక పాఠం. తోటివారు గుళ్ళు, బంగళాలు ఎంచుకుంటే నేను మా వీధిలోని వరుస ఇల్లు తీసుకున్నాను. రెండు పక్కల గోడలూ పొరుగువారితో ఉమ్మడివి, కిటికీకి చోటే లేదు. గాలీ వెలుతురూ మండువాలోంచే రావాలి. టేపు రెండో కొస నాన్న పట్టుకున్నారు. వాన నీరు ఎటు పోతుందో, మండువా నేల ఎందుకు పల్లంగా ఉందో ఆయన చెబుతుంటే రాసుకున్నాను. నా మార్కుల్లో సగం ఆయనవే.

చదువులో భాగంగా ఆఫీసులో చేసిన ప్రాక్టికల్ ట్రైనింగ్ గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు. మెట్లు, మరుగుదొడ్లు గీశాను, టీకి సరిపడా డబ్బిచ్చారు.

మన దేశంలో డిగ్రీ తర్వాత లైసెన్సు కోసం వేరే పరీక్ష లేదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైతే చాలు, సీఏ అక్షరాలతో మొదలయ్యే నంబరు వస్తుంది. అది లేనివారు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. అయితే చట్టం కాపాడేది ఆర్కిటెక్టు అనే పేరునే గానీ పనిని కాదని, నమోదు లేనివారూ ఆ పని చేయవచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. నా సహాధ్యాయులు చాలామంది నొచ్చుకున్నారు. నాకు మాత్రం న్యాయంగానే తోచింది. ఆ పని చేసి మమ్మల్ని పెంచిన మనిషి ఇంట్లోనే ఉన్నారు మరి!

ఇప్పటికీ ఊళ్ళో ఇల్లు కట్టుకునేవారు ముందు నాన్నను కలిశాకే నా దగ్గరకు వస్తారు. "గీతలకు కూడా ఫీజేమిటమ్మా?" అని అడుగుతారు. బేరం సంగతి నాన్నే చూసుకుంటారు, ఆ విద్యలో నాకింకా ప్రవేశం లేదు.